దీపం ముందు ఓడిన బల్బు

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. బడిలో సైన్స్ ప్రదర్శనకు వెలుగును కొలిచే మీటరు చేస్తానని పూనుకుంది. ఆర్డునో బోర్డు ఇంట్లోనే ఉంది. నా విడిభాగాల డబ్బాలో వెతికి, నల్లటి తల ఉన్న చిన్న ఫోటోడయోడ్ ఒకటి ఏరుకుంది. సాయంత్రానికల్లా లాప్‌టాప్ తెర మీద అంకెలు దొర్లడం మొదలైంది. కానీ ఆ పిల్ల మొహం మాత్రం చిన్నబోయింది.

"మామయ్యా, ఇది పాడైనట్టుంది. ఎల్‌ఈడీ బల్బు నెత్తిమీద వెలుగుతుంటే సున్నా దగ్గరే కొట్టుకుంటోంది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టిందని అటు తిప్పానా, అంకె ఒక్కసారి ఎగబాకింది."

నేను వెళ్లి చూశాను. తను చెప్పింది నిజమే. గదంతా పట్టపగల్లా చేస్తున్న బల్బు ఆ సెన్సర్ లెక్కలో దాదాపు లేనట్టే. మూరెడు దూరంలో మిణుకుమంటున్న నూనె దీపం మాత్రం దానికి పెద్ద వెలుగు. సెన్సర్ పాడవలేదు. తనకు కనిపించింది కనిపించినట్టే చెబుతోంది. మన కంటికి కనిపించేదే దానికీ కనిపిస్తుందని మనం అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టంతో పనిచేసే ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ సాయంత్రం ఎదురవుతుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో, నమ్మదగినదిగా ఎలా చేసుకోవాలో తెలిస్తే, చేతిలోని చవక సెన్సరే మంచి కొలత పరికరమవుతుంది.

ఎరుపు దాటాక ఏముంది?

ఎరుపు రంగుకు అవతల కంటికి ఆనని వెలుగు ఉందని మొదట పట్టుకున్నవాడు విలియం హెర్షెల్. ఆయన వృత్తిరీత్యా సంగీతకారుడు. ఇష్టం కొద్దీ టెలిస్కోపులు తయారుచేసుకుని, 1781లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో తన ఇంటి తోట నుంచే యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడు. సూర్యుణ్ణి చూడటానికి రకరకాల రంగుటద్దాలు వాడుతున్నప్పుడు, కొన్నింటి గుండా వెలుగు తక్కువగా వచ్చినా వేడి ఎక్కువగా తగలడం గమనించాడు. ఏ రంగులో ఎంత వేడి ఉందో తేల్చాలనిపించింది. 1800లో ఎండను పట్టకం గుండా పంపి, విడిపోయిన రంగుల్లో ఒక్కొక్క దాని మీద నల్లరంగు పూసిన థర్మామీటరు పెట్టి చూశాడు. ఊదా నుంచి ఎరుపు వైపు జరిగేకొద్దీ వేడి పెరిగింది. ఎరుపు అంచు దాటి, ఏ రంగూ పడని చోట పెట్టిన థర్మామీటరు అన్నింటికంటే ఎక్కువ చూపించింది. కంటికి ఖాళీగా కనిపించిన ఆ చోట నిజానికి కిరణాలు పడుతున్నాయి. వాటినే ఇప్పుడు పరారుణ కిరణాలంటున్నాం. పార్టుల దుకాణం భాషలో ఐఆర్.

మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు చూస్తుంది. పగటి వెలుగులో అది బాగా పట్టేది 555 నానోమీటర్ల దగ్గర, పసుపు కలిసిన లేత ఆకుపచ్చను. టీవీ రిమోట్ కొసన ఉండే ఐఆర్ ఎల్‌ఈడీ సాధారణంగా 940 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. రిమోట్ బటన్ నొక్కి, దాన్ని ఫోను కెమెరాలో చూడండి. చాలా ఫోన్లలో తెల్లగానో ఊదాగానో ఒక చుక్క మెరుస్తుంది. కంటికి లేని వెలుగు కెమెరాకు ఉంది. ఎందుకంటే కెమెరా గుండె కూడా మన ఫోటోడయోడ్ లాగే సిలికాన్‌తో చేసిందే.

సిలికాన్ చూపు

ఫోటోడయోడ్ లోపల ఉన్నది చిన్న సిలికాన్ బిళ్ల. వెలుతురు ఫోటాన్లుగా, అంటే చిన్న చిన్న శక్తి పొట్లాలుగా వచ్చి దాని మీద పడుతుంది. ఒక ఫోటాన్‌లో సరిపడా శక్తి ఉంటే అది సిలికాన్‌లో కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. విడిపోయిన ఎలక్ట్రాన్లే కరెంటు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ విడిపోవడానికి కావలసింది సుమారు 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. 940 నానోమీటర్ల ఫోటాన్ దగ్గర 1.32 ఉంటుంది కాబట్టి పని జరుగుతుంది. 1100 నానోమీటర్లు దాటిన ఫోటాన్‌కు ఆ శక్తి చాలదు. దానికి సిలికాన్ గాజులాంటిదే, ఆనకుండా దాటిపోతుంది. అందువల్ల సిలికాన్ చూపు దాదాపు 1100 దగ్గర ముగుస్తుంది. అది బాగా చూసేది 900 ప్రాంతంలో. మన కన్ను బాగా చూసే చోటికి, సిలికాన్ బాగా చూసే చోటికి మధ్య ఇంత దూరం ఉంది.

దానికి తోడు, ఐఆర్ పని కోసం చేసిన ఫోటోడయోడ్‌లకు నల్లటి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. ఆ నలుపు మన కంటికే నలుపు. పరారుణ కిరణాలకు అది తెరిచిన కిటికీ, మామూలు వెలుగుకు మూసిన తలుపు. మా ఇంట్లో బల్బు ఓడిపోయింది ఇక్కడే. తెల్లని ఎల్‌ఈడీ బల్బు లోపల నీలి ఎల్‌ఈడీ, దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత ఉంటాయి. రెండూ కలిసి ఇచ్చేదంతా కంటికి కనిపించే వెలుగే. ఎరుపు దాటాక అది ఇచ్చేది అత్యల్పం. నూనె దీపం సంగతి వేరు. మంటలో కాలుతున్న మసి రేణువులు ఎర్రగా కాగి వెలుగుతాయి. ఆ వేడిలో పుట్టే కిరణాల్లో ఎక్కువ భాగం పరారుణమే, మన కంటికి అందేది కొసరు మాత్రమే. పాతకాలపు ఫిలమెంట్ బల్బు కూడా ఈ జాతిదే. దుకాణాల్లో 'ఫ్లేమ్ సెన్సర్' అని అమ్మే మాడ్యూల్ మీదా ఇలాంటి నల్లతల భాగమే ఉంటుంది. మా పిల్ల తెలియకుండానే మంటను కనిపెట్టే యంత్రం చేసింది.

ఒకే పేరు, నాలుగు వస్తువులు

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి 'ఐఆర్ సెన్సర్ ఇవ్వండి' అని అడిగితే మీ చేతికి ఏది వస్తుందో చెప్పలేం. ఆ పేరుతో కనీసం నాలుగు రకాల వస్తువులున్నాయి. ఏది తీవ్రతను కొలుస్తుందో, ఏది కొలవదో కొనేముందే తెలియాలి.

మొదటిది ఫోటోడయోడ్. దీని మీద పడే వెలుగు రెట్టింపైతే కరెంటూ రెట్టింపవుతుంది. మసక వెలుగు నుంచి మండుటెండ దాకా ఈ నిష్పత్తి దాదాపు చెక్కుచెదరదు. కొలతకు ఇంతకంటే మంచి గుణం లేదు. కాకపోతే ఇచ్చే కరెంటు మైక్రో ఆంపియర్లలోనే ఉంటుంది.

రెండోది ఫోటోట్రాన్సిస్టర్. పుట్టిన కరెంటును తనలోనే కొన్ని వందల రెట్లు పెంచి ఇస్తుంది. చిన్న వెలుగుకూ పెద్దగా పలుకుతుంది. కానీ ఆ పెంపు అన్ని స్థాయిల్లో ఒకేలా ఉండదు. ఒకే సంచిలోంచి తీసిన రెండు ఫోటోట్రాన్సిస్టర్లు ఒకే వెలుగుకు రెండు అంకెలు చెప్పవచ్చు. ఉందా లేదా, పెరిగిందా తగ్గిందా అని చూడటానికి అది చాలు. ఎన్ని రెట్లు పెరిగిందని అడిగితే మాత్రం ఫోటోడయోడ్ దగ్గరకే రావాలి.

మూడోది టీవీల్లో ఉండే టీఎస్‌ఓపీ 1738 లాంటి మూడు కాళ్ల రిసీవర్. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది దీనితోనే. దీని లోపల ఫోటోడయోడ్‌తో పాటు, సెకనుకు 38 వేల సార్లు మినుకుమనే వెలుగును మాత్రమే వడకట్టే భాగం, వచ్చిన బలాన్ని బట్టి తన పెంపును తానే సర్దుకునే భాగం కూడా ఉంటాయి. గదికి ఆ చివర నుంచి నొక్కినా, పక్కనే కూర్చుని నొక్కినా రిమోట్ ఒకేలా పనిచేయడానికే ఈ ఏర్పాటు. అంటే తీవ్రతలోని తేడాను చెరిపేయడమే దాని ఉద్యోగం. తీవ్రత ఎంతని దాన్ని అడిగి లాభం లేదు.

నాలుగోది నీలిరంగు పలక మీద నల్లతల ఫోటోడయోడ్, తెల్ల ఐఆర్ ఎల్‌ఈడీ పక్కపక్కన ఉండే అడ్డంకి మాడ్యూల్. దాని మీద ఎల్‌ఎం 393 అనే కంపారేటర్ చిప్ ఉంటుంది. మీరు స్క్రూడ్రైవర్‌తో తిప్పి పెట్టిన గీత కంటే వెలుగు ఎక్కువా తక్కువా అన్నదే అది చెబుతుంది. అవును, కాదు తప్ప మూడో మాట దాని దగ్గర లేదు. 'ఏఓ' అని రాసిన అనలాగ్ కాలు కూడా ఉన్న మాడ్యూల్ అయితే ఆ కాలి నుంచి తీవ్రత తెలుసుకోవచ్చు.

పది కిలోఓముల లెక్క

కొలతకు అమర్చే సర్క్యూట్ చాలా చిన్నది. ఫోటోడయోడ్‌ను తలకిందులుగా, అంటే కాథోడ్‌ను 5 వోల్టులకు, ఆనోడ్‌ను ఒక రెసిస్టర్ ద్వారా గ్రౌండుకు కలపాలి. ఆ రెండూ కలిసే చోటి నుంచి ఒక తీగ ఆర్డునో 'ఏ0' పిన్నుకు. చీకట్లో దాదాపు కరెంటు పారదు. వెలుగు పడ్డాక పారిన కరెంటు రెసిస్టర్ మీద వోల్టేజిగా కనిపిస్తుంది.

హాబీ ప్రపంచంలో బాగా వాడే బీపీడబ్ల్యూ 34 అనే ఫోటోడయోడ్‌నే తీసుకుందాం. దాని చూపు వైశాల్యం 7.5 చదరపు మిల్లీమీటర్లు. 950 నానోమీటర్ల కిరణాలు చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీవాట్ చొప్పున పడితే సుమారు 50 మైక్రో ఆంపియర్లు ఇస్తుంది. దాన్ని 10 కిలోఓముల రెసిస్టర్ గుండా పంపితే అర వోల్టు. ఆర్డునో ఊనో 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది, ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. అర వోల్టు అంటే తెర మీద దాదాపు 102.

ఈ లెక్క రెండో వైపు నుంచి కూడా చదవాలి. 10 కిలోఓముల మీద 5 వోల్టులు పడాలంటే అర మిల్లీ ఆంపియర్ చాలు. నేరుగా ఎండలో పెడితే బీపీడబ్ల్యూ 34 అంతకంటే ఎక్కువే ఇవ్వగలదు. కానీ అంకె 1023 దగ్గరే బిగుసుకుపోతుంది. మబ్బు పట్టినా విడిచినా కొంతసేపు అదే అంకె కనిపిస్తే అర్థం వెలుగు మారలేదని కాదు, కొలత నిండిపోయిందని. ఎండలో పనికి 1 కిలోఓమ్, గదిలో మసక వెలుగుకు 100 కిలోఓములు, ఇంకా పైన వాడాలి. వంటింట్లో ఉప్పుకు ఒక చెంచా, బియ్యానికి ఒక సోల ఉన్నట్టే, కొలిచే వెలుగును బట్టి రెసిస్టర్ ఉండాలి.

అంకెను వడకట్టడం

తీగలన్నీ సరిగ్గా కలిపాక కూడా ఫిలమెంట్ బల్బు కింద పెట్టిన సెన్సర్ అంకె కుదురుగా నిలవదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ప్రతి సారీ రెండు ఉబ్బులు కాబట్టి బల్బు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కన్ను పట్టుకోలేని ఈ అల్లాడింపును ఫోటోడయోడ్ పట్టేస్తుంది. మందు తేలికైనదే. సరిగ్గా 20 మిల్లీ సెకన్ల పాటు వరసగా చదివి సగటు తీస్తే రెండు పూర్తి ఉబ్బులు అందులో ఇమిడిపోయి అంకె నిలుస్తుంది. ఆర్డునో ఒక్కో రీడింగుకు సుమారు 0.11 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది కాబట్టి ఆ వ్యవధిలో దాదాపు 180 రీడింగులు వస్తాయి. ఆ మొత్తాన్ని 'ఇంట్' రకం చరరాశిలో పెట్టకండి. ఊనోలో దాని హద్దు 32,767. వెలుగు ఎక్కువైతే మొత్తం ఆ హద్దు దాటి అర్థంలేని రుణ సంఖ్యగా మారుతుంది. 'లాంగ్' వాడాలి.

మనమే ఒక ఐఆర్ ఎల్‌ఈడీ వెలిగించి, ఎదుటి వస్తువు నుంచి ఎంత వెనక్కి వస్తోందో కొలిచేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కిటికీలోంచి వచ్చే ఎండలోనూ పరారుణం దండిగా ఉంటుంది. సూర్యుడు భూమికి పంపే శక్తిలో దాదాపు సగం పరారుణమే. మన ఎల్‌ఈడీ వెలుగు అందులో కలిసిపోతుంది. దీనికి ఎప్పటి నుంచో ఉన్న ఉపాయం తీసివేత. ఎల్‌ఈడీ ఆర్పి ఒకసారి చదవాలి, వెంటనే వెలిగించి మరోసారి చదవాలి. రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే మిగిలేది మన వెలుగు మాత్రమే. రెండు రీడింగుల మధ్య ఎండ మారే వ్యవధి ఉండదు కాబట్టి లెక్క కుదురుతుంది. అయితే ఎండ వల్ల అంకె ముందే 1023కు చేరి ఉంటే, నిండిన బిందెలో ఇంకో చెంబు పోసి ఎంత పెరిగిందని చూసినట్టే. తీసివేత సున్నా అంటుంది.

ఐఆర్ ఎల్‌ఈడీకి రెసిస్టర్ తప్పనిసరి. దాని మీద పడే వోల్టేజి సుమారు 1.2 కాబట్టి 5 వోల్టులతో 220 ఓములు పెడితే 17 మిల్లీ ఆంపియర్లు పారతాయి, ఆర్డునో పిన్ను తట్టుకుంటుంది. సీసీ కెమెరాల్లో వాడే బలమైన ఐఆర్ ఎల్‌ఈడీలు చేతికొస్తే మాత్రం దగ్గర నుంచి వాటి వైపు చూడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి. ఎదురుగా పెద్ద వెలుగు పడితే మన రెప్ప వాలిపోతుంది. కనిపించని వెలుగు ఎంత బలమైనదైనా రెప్పకు తెలియదు.

ఇక మన మీటరు నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. చీకటి గదిలో ఒక చిన్న ఫిలమెంట్ బల్బు, ఒక స్కేలు చాలు. చీకటి రీడింగును ముందే రాసుకుని ప్రతి అంకెలోంచి తీసేయాలి. 20 సెంటీమీటర్ల దగ్గర వచ్చిన అంకె, 40 దగ్గర నాలుగో వంతు కావాలి, 60 దగ్గర తొమ్మిదో వంతు. దూరం పెరిగేకొద్దీ అదే వెలుగు పెద్ద మేర మీద పరుచుకోవడం వల్ల వచ్చే విలోమ వర్గ నియమం ఇది. తరగతి గదిలో నల్లబల్ల మీద చదివిన ఆ నియమం మీ బల్ల మీద అంకెలుగా దిగివస్తుంది. లెక్క తప్పితే గోడ నుంచి తిరిగొచ్చే వెలుగో, నిండిపోయిన రెసిస్టరో, చీకటి రీడింగు మరిచిపోవడమో కారణమై ఉంటుంది. ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోవడంలోనే కొలత విద్య పట్టుబడుతుంది.

నలుపన్నీ నలుపులు కావు

గీత వెంబడి నడిచే రోబో చేసే పిల్లలకు మరో పాఠం ఎదురవుతుంది. దాని అడుగున టీసీఆర్‌టీ 5000 లాంటి సెన్సర్ ఉంటుంది. 950 నానోమీటర్ల వెలుగు పంపి, తిరిగొచ్చిన దాన్ని చూస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తే చక్కగా గుర్తుపడుతుంది. కొన్ని స్కెచ్ పెన్నులతో గీసిన నల్లగీత మీద మాత్రం, అక్కడ గీతే లేనట్టు దాటిపోతుంది. కొన్ని రంగుల సిరాలు కంటికి కనిపించే వెలుగును మింగి నల్లగా కనిపించినా, పరారుణాన్ని మింగవు. మసితో, అంటే కార్బన్‌తో చేసిన నలుపు రెండింటినీ మింగుతుంది. నల్లని బట్టల అద్దకాలలోనూ పరారుణంలో తెల్లగా మెరిసేవి ఉన్నాయి. గీత కుదరలేదని ప్రోగ్రాం తిరగరాసే ముందు పెన్ను మార్చి చూడటం మంచిది.

ఇదే కారణంగా ఐఆర్ సెన్సర్ అంకెను లక్స్‌లలోకి మార్చాలనుకోవడం సరికాదు. లక్స్ అనేది మనిషి కంటి చూపును కొలబద్దగా పెట్టుకున్న ప్రమాణం. చదువుకునే బల్ల మీద వెలుగు చాలా అని తెలియాలంటే లక్స్ కావాలి. దాని కోసం చేసిన టీఎస్‌ఎల్ 2561 లాంటి చిప్పుల్లో రెండు ఫోటోడయోడ్‌లుంటాయి. ఒకటి కనిపించే వెలుగుతో పాటు పరారుణాన్నీ చూస్తుంది, రెండోది ముఖ్యంగా పరారుణాన్నే చూస్తుంది. రెండింటి అంకెలనూ సరిపోల్చి, పరారుణం వాటాను లెక్కలోంచి తప్పించి కంటి చూపుకు దగ్గరగా వస్తారు.

అదే చూపు, మరో పని

కంటికి ఆనని వెలుగు చూడటాన్ని లోపమనుకుంటే లోపమే. అదే గుణాన్ని పనికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 1970ల్లో జపాన్‌లో తకువో అయోగి అనే ఇంజినీరు, ఎర్ర వెలుగును, పరారుణాన్ని రక్తం వేర్వేరుగా మింగుతుందన్న విషయాన్ని ఆధారం చేసుకుని పల్స్ ఆక్సీమీటరుకు దారి వేశాడు. ఆక్సిజన్ నిండిన రక్తం పరారుణాన్ని ఎక్కువ మింగుతుంది, ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎరుపును ఎక్కువ మింగుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో తెలుస్తుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించి చూసుకున్నది దీన్నే. లోపల ఉన్నది రెండు ఎల్‌ఈడీలు, వాటి వెలుగు ఎంత మిగిలిందో చూసే ఒక ఫోటోడయోడ్. హాబీ దుకాణాల్లో దొరికే మ్యాక్స్ 30102 మాడ్యూల్‌లో కూడా ఆ భాగాలే ఉంటాయి. దాంతో సూత్రం నేర్చుకోవచ్చు, వైద్యం మాత్రం చేసుకోకూడదు.

ఇంకొకరు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ఫారెస్ట్ మిమ్స్. సైన్స్ డిగ్రీ లేదు, చదివింది ప్రభుత్వ పాలన. చేతిరాతతో, చేతి బొమ్మలతో ఆయన రాసిన ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు చదివి ఎందరో ఈ విద్యలోకి వచ్చారు. ఎల్‌ఈడీని తిప్పి వాడితే అదే ఇరుకైన తరంగదైర్ఘ్యాల పట్టీని చూసే సెన్సర్ అవుతుందని ఆయన ప్రయోగాలతో చూపించాడు. గాలిలోని నీటి ఆవిరి 940 నానోమీటర్ల ప్రాంతంలో ఎండను మింగుతుంది, పక్కనే ఉన్న 850 ప్రాంతాన్ని దాదాపు వదిలేస్తుంది. ఆ రెండు ఎల్‌ఈడీలను సూర్యుడి వైపు గురిపెట్టి, రెండు కరెంటుల నిష్పత్తి చూస్తే తలమీది ఆకాశంలో ఎంత ఆవిరి ఉందో అంచనా కట్టవచ్చు. ఈ పద్ధతి మీద 1992లో ఆయన వ్యాసం 'అప్లైడ్ ఆప్టిక్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చింది. ఎండ కాచిన రోజుల్లో మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్లి, 1990 నుంచి దశాబ్దాల తరబడి ఆయన ఈ కొలతలు తీస్తూ వచ్చాడు. కొన్ని రూపాయల ఎల్‌ఈడీలతో వాతావరణ శాస్త్రానికి పనికొచ్చే లెక్కలు వచ్చాయంటే, ఆ విలువ పరికరానిది కాదు. తన సెన్సర్ దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో ఆయనకు అణువణువూ తెలుసు. ఆ తెలివిడిదీ, అన్నేళ్లు తప్పకుండా కొలిచిన ఓపికదీ ఆ విలువ.

థర్మామీటర్లు పట్టుకున్న హెర్షెల్ చేసింది కూడా అదే. రంగులేని చోట పాదరసం పైకెక్కినప్పుడు, థర్మామీటరు పాడైందని పక్కన పెట్టి ఉంటే ఆ కిరణాలు ఆ రోజు దొరికేవి కావు. ఊహించని అంకె వచ్చినప్పుడు ఆ అంకెను తప్పు పట్టకుండా, అది దేన్ని చూసి అలా చెబుతోందని అడిగాడు.

మా పిల్ల సెన్సర్ మార్చలేదు. అట్ట మీద రాసుకున్న 'వెలుగు మీటరు' అనే పేరు కొట్టేసి 'కంటికి కనిపించని వెలుగును కొలిచే మీటరు' అని రాసింది. ప్రదర్శన రోజు బల్ల మీద ఎల్‌ఈడీ బల్బును, ప్రమిదను పక్కపక్కన పెట్టింది. వచ్చినవాళ్లందరినీ ముందు ఒకే మాట అడిగింది: ఈ రెండింట్లో ఏది ఎక్కువ వెలుగుతోంది? బల్బు వైపు వేలు చూపినవాళ్ల చేతికి సెన్సర్ ఇచ్చి, మీరే కొలిచి చూడండంది.